పేరు లేని మీట

మార్కాపురంలో పలకలు కోసే షెడ్డు పైగదిలో నా ఆఫీసు.
కింద రంపం తిరిగితే పైన కీబోర్డు వణుకుతుంది,
సాయంత్రానికి అక్షరాల సందుల్లో బూడిదరంగు పొడి.
ఊదుకుని మళ్ళీ మొదలుపెడతా.

నీళ్ల ట్యాంకర్ కోసం ఒక పేజీ కట్టాను.
వార్డు, వీధి, ఎన్ని డ్రమ్ములు,
అడుగున నీలిరంగు నీటిచుక్క బొమ్మ, నొక్కితే బండి వస్తుంది.
తెలుపు మీద లేత బూడిద అక్షరాలు,
మబ్బు పట్టిన పొద్దులా మెత్తగా.
బాగుందన్నారు అందరూ. నేనూ అనుకున్నా.

కాశింబి వచ్చింది, పన్నెండు మెట్లూ లెక్కపెట్టుకుంటూ.
కూర్చోలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.
దాని గొంతు ఎంత వేగమంటే
కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు,
నాకొక్క ముక్క అందితే ఒట్టు.
"మెల్లగా పెట్టు" అన్నా.
"నువ్వు కళ్ళతో మెల్లగా చదువుతావా?" అంది.

బటన్.
బటన్.
బొమ్మ, ఐ ఎమ్ జి, సున్నా సున్నా నలభై ఏడు.
బటన్.

"ఇంతకీ నీళ్ళు యాడ అబ్బాయ్?"
"అడుగున, నీలం రంగులో..."
"రంగు నాకెందుకు? అది ఏం చేస్తదో పేరు పెట్టలా?
మా వీధిలో కుక్కపిల్లకి కూడా పేరుంది."

ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టా,
ఎవరో ఎక్కడో ఓపిగ్గా రాసిపెట్టిన పాఠాలు,
కరెంటు పోతే ఫోను వెలుగులో.
అక్షరానికీ దాని వెనకున్న రంగుకీ
నాలుగున్నరకి ఒకటి తేడా ఉండాలట.
లెక్క కట్టా. నాది రెండు కూడా లేదు.
కింద షెడ్డులో దొంతర్లుగా పలకలు,
నల్లరాయి మీద తెల్ల బలపం,
ఒకటో తరగతిలో నా ఒళ్ళోనే ఉండింది జవాబు.

ఈమధ్యే వచ్చిన నియమం ఒకటి ఆమెకి చదివి వినిపించా:
వేలు ఆనే చోటు ఇరవై నాలుగు చుక్కలకి తగ్గకూడదని.
నవ్వింది.
"మా నాయన బొటనవేలు చూళ్ళేదు నువ్వు.
రాయి చీల్చీ చీల్చీ గోరు రెండుగా పెరిగింది.
ఆయనకి పేజీ అంతా ఒకటే మీట కావాల."

ఒంగోలు నుంచి ఒకాయన వచ్చాడు, ఇస్త్రీ చొక్కా.
"ఇంత తంటా ఎందుకండీ, ఒక్క లైను అతికించండి,
మూలన చక్రాల కుర్చీ బొమ్మ వస్తుంది, అన్నీ సరి."
అతికించా. బద్ధకం నాది, అబద్ధం చెప్పను.
కాశింబి తెరవగానే
దాని గొంతూ ఫోను గొంతూ ఒక్కసారే లేచాయి,
కుళాయి దగ్గర బిందె వరసకి ఇద్దరు తగువుపడ్డట్టు.
"తీసెయ్" అంది. తీసేశా.

శీర్షికల దగ్గర మరీ తడబడింది.
అక్షరం పెద్దది చేస్తే శీర్షికే కదా అనుకున్నా నేను.
అప్పుడు చెప్పింది, వాళ్ళ నాయన
రాయిని ముందు కొట్టడు. తడతాడు. చెవి ఆనిస్తాడు.
పొర ఎటు పోతోందో రాయే చెబుతుంది,
ఆ దారినే ఉలి పెడితే ఆకులా విడివడుతుంది.
పైన గీత గీసి ఇదే పొర అనుకుంటే
చేతికి పెంకులే.
"నీ పేజీకి గీతలుండాయి. పొరల్లేవు."

మొత్తం విప్పాను. మూడు వారాలు పట్టింది.

నిన్న మళ్ళీ వచ్చింది. చెవి ఆనించింది.
"నీళ్ల బండి పంపించండి, బటన్."
ఆవాలు ఆగాయి. నొక్కింది.
కాసేపు ఏమీ అనలేదు.
"డ్రమ్ములు ఎన్నో వెయ్యడం మర్చిపోయినట్టుండా.
నాకు చెప్పలేదేం అది?"
"చెప్పింది కదా, ఆ గడి ఎర్రగా మారింది."

కింద రంపం ఆగింది.
"ఎరుపు," అంది, "ఎట్టా వినపడద్ది?"

పొడి ఊదుకుని మళ్ళీ కూర్చున్నా.